ఆదాయం 5 లక్షల డాలర్లు దాటితే శాల్ట్ (రాష్ట్ర, స్థానిక పన్నుల) డిడక్షన్ ఎంత వస్తుంది?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగులం. 2025లో కంపెనీ షేర్లు వెస్ట్ అవడంతో (మా సొంతం కావడంతో) మా ఉమ్మడి ఆదాయం 5,60,000 డాలర్లకు చేరింది. రాష్ట్ర ఆదాయ పన్ను 33,000, ఇంటి పన్ను 16,000, హోమ్ లోన్ వడ్డీ 24,000 కట్టాం. ఇక్కడి గుడికి 6,000, మా ఊరి గుడికి 5,000 ఇచ్చాం. హైదరాబాద్‌లో అమ్మ ఆపరేషన్‌కు 14,000 అయింది. శాల్ట్ పరిమితి 40,000కు పెరిగిందని విన్నాం. ఆదాయం ఎక్కువైతే డిడక్షన్లలో 3 శాతం కోత ఉంటుందని స్నేహితుడు అంటున్నాడు. విరాళాలు ఇంకా పెంచితే ఈ పరిమితి నుంచి బయటపడగలమా?

జవాబు: విరాళాలు పెంచితే బయటపడలేరండీ. చాలామంది పొరపడేది ఇక్కడే. శాల్ట్ పరిమితికి చూసేది ఫెడరల్ పన్ను రిటర్న్ అయిన 1040 ఫారం 11వ లైన్లోని ఏజీఐని, అంటే సర్దుబాట్ల తర్వాతి మొత్తం ఆదాయాన్ని. మీలా జీతం మీద బతికేవారికి దాదాపు ఆ అంకే లెక్క. విరాళాలు, లోన్ వడ్డీ ఆ లైన్ తర్వాత తీసేసేవి. అవి ఎంత పెరిగినా 11వ లైన్ కదలదు.

2025కి పరిమితి 40,000 అన్నది నిజమే. కానీ ఆదాయం 5,00,000 దాటాక, దాటిన మొత్తంలో 30 శాతం ఆ పరిమితి నుంచి తీసేస్తారు. మీరు దాటింది 60,000. అందులో 30 శాతం 18,000. మిగిలేది 22,000. మీరు కట్టింది 49,000 అయినా వచ్చేది అంతే. 6,00,000 దగ్గరికి వచ్చేసరికి పరిమితి 10,000కు పడిపోయి అక్కడ ఆగుతుంది. విడివిడిగా రిటర్న్ వేసినా లాభం లేదు, పరిమితులన్నీ సగమైపోతాయి.

మీ స్నేహితుడు చెప్పింది 1990 నాటి చట్టంలోని పాత కోత. అది 2018 నుంచి అమల్లో లేదు, 2025 చట్టంతో పూర్తిగా రద్దయింది. 2026 నుంచి దాని స్థానంలో వచ్చిన కోత 37 శాతం స్లాబులో ఉన్నవారికే. మీకు వర్తించదు.

అమ్మగారి ఆపరేషన్ ఖర్చు రాదు. వైద్య ఖర్చు ఏజీఐలో 7.5 శాతం, అంటే మీకు 42,000 దాటితేనే లెక్క. పైగా ఆవిడ భారత పౌరురాలై అక్కడే ఉంటే మీ రిటర్న్‌లో డిపెండెంట్‌గా (మీపై ఆధారపడిన వ్యక్తిగా) చూపడానికి వీల్లేదు. ఊరి గుడికి నేరుగా పంపిన 5,000 కూడా రాదు. విరాళం అమెరికాలో ఏర్పడిన, పన్ను మినహాయింపు అర్హత ఉన్న సంస్థకే ఇవ్వాలి. ప్రేమతో పెట్టిన ఖర్చుకు చట్టంలో చోటు లేకపోవడం బాధగానే ఉంటుంది. అయినా ఆ రెండూ రిటర్న్‌లో చూపకండి.

లోన్ అసలు 7,50,000 లోపు ఉంటే వడ్డీ మొత్తం వస్తుంది. అప్పుడు 22,000, 24,000, 6,000 కలిపి 52,000. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే వచ్చే స్థిర మినహాయింపు) 31,500 కాబట్టి ఐటమైజ్ చేయడమే, అంటే ఖర్చులను విడివిడిగా చూపడమే మేలు.

ఇక 2026 సంగతి. పరిమితి 40,400, కోత మొదలయ్యేది 5,05,000 దగ్గర. మీలో ఒకరు 401కే (కంపెనీ రిటైర్మెంట్ ఖాతా) డబ్బును రోత్‌లో, అంటే పన్ను కట్టాక వేస్తుంటే, మామూలు ప్రీటాక్స్‌కు (పన్నుకు ముందే వేసే పద్ధతికి) మార్చుకోవడం గురించి ఆలోచించండి. 24,500 అలా వేస్తే ఏజీఐ అంత తగ్గుతుంది, దాంతోపాటు శాల్ట్ పరిమితి మరో 7,350 పెరుగుతుంది. మీ ఆదాయం ఇలాగే ఉంటే ఆ ఏడాది ఫెడరల్ పన్నులో 10,000 డాలర్లకు పైగా తేడా. రిటైరయ్యాక తీసుకునేటప్పుడు దాని మీద పన్ను ఉంటుందనేది మాత్రం గుర్తుంచుకోండి.

2026 నుంచి విరాళాల్లో ఏజీఐలో 0.5 శాతానికి సమానమైన మొదటి భాగం లెక్కలోకి రాదు. అంటే మీకు 2,800 పోయి, 6,000 ఇస్తే 3,200 మాత్రమే వస్తుంది. ఏటా ఇచ్చే బదులు రెండేళ్లది ఒకే ఏడాది ఇస్తే ఆ నష్టం ఒక్కసారే. 2025 రిటర్న్ వేసేలోపు ఇక్కడి గుడి నుంచి రాతపూర్వక రసీదు తీసుకోండి. 250 డాలర్లు, ఆపైన ఒక్కసారి ఇచ్చిన ప్రతి విరాళానికీ అది తప్పనిసరి. బదులుగా మీకు ఏమైనా ఇచ్చారో లేదో అందులో రాసి ఉండాలి.