టెక్ సందేహాలు: నల్ల పట్టీల గోల

‘‘దసరా ఆఫర్లో 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నాం. సినిమా పెడితే పైనా కిందా నల్ల పట్టీలు. ఇన్ని పైసలు పోసి సగం టీవీయే చూస్తున్నామని ఇంట్లో గొడవ. వాట్సాప్‌లో ఎవరో ‘ఫుల్ స్క్రీన్’ యాప్ ఫైల్ పంపారు. వేసుకోవచ్చా?’’
– ఒక పాఠకుడు, నర్సంపేట

వద్దు. మిగతా సంగతి తర్వాత.

పండగ ఆఫర్లు మొదలైన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. మన టీవీల తెర 16:9, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9. చాలా సినిమాలు 2.39:1లో వస్తాయి, అంటే ఎత్తుకు రెండింతలకు మించిన వెడల్పు. ఆ వెడల్పంతా పట్టాలంటే ఎత్తులో పావు వంతు ఖాళీగా వదలాల్సిందే. మీ టీవీలో పైన దాదాపు ఏడు సెంటీమీటర్లు, కింద ఇంకో ఏడు. సగం కాదు, పావే. జూమ్ నొక్కితే పట్టీలు పోతాయి. వాటితో పాటే ఫ్రేమ్ అంచున నిలబడ్డ మనిషీ పోతాడు.

ఇక ఆ ఫైల్. జూమ్ ఎలాగూ టీవీ మెనూలోనే ఉంది కదా, మరి ఈ యాప్ దేనికి? ఇలా బయటి నుంచి వచ్చే యాప్ ఫైల్‌ను (ఏపీకే) ఎక్కించాలంటే ముందు ‘అన్‌నోన్ యాప్స్’ అనుమతి ఇవ్వాలి. ఆ తర్వాత ‘యాక్సెసిబిలిటీ’ అడిగిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. చూపు సరిగా లేనివాళ్లలాంటి వారి కోసం పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్ చేతికి చిక్కితే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు తనే బటన్లు నొక్కుతుంది. ‘టీవీలో ఎక్కట్లేదని ఫోన్లో వేశాను’ అని ఇంకొకాయన రాశారు! యూపీఐ ఆ ఫోన్లోనే, ఓటీపీలు వచ్చేదీ ఆ ఫోన్‌కే. ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపండి. యాప్ తీసేయండి, పోనంటే ఫోన్ రీసెట్ చేయండి. పాస్‌వర్డులు మాత్రం వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ, మీ బ్యాంకుకీ ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

‘‘2006లో అయిన మా పెళ్లి డీవీడీ కొత్త టీవీలో వేస్తే అందరూ లావుగా కనిపిస్తున్నారు.’’
– ఒక పాఠకురాలు, జనగామ

తప్పు మీది కాదు, టీవీది. ఆ రోజుల్లో పెళ్లి వీడియోలు ఎక్కువగా 4:3లో తీసేవారు. దాన్ని టీవీ అడ్డంగా సాగదీస్తే మనుషులు మూడో వంతు వెడల్పెక్కుతారు. అల్లుడి కాళ్లు కడిగే సీన్లో పళ్లెం నేరుగా పైనుంచి కనిపించే చోట ఆపి చూడండి. గుండ్రంగా ఉంటే సరే, కోడిగుడ్డులా ఉంటే ‘పిక్చర్ సైజ్’లోకి వెళ్లి 4:3 గానీ ‘ఒరిజినల్’ గానీ పెట్టండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. ఈ ఒక్క సెట్టింగును నాలుగు మెనూల లోపల ఎందుకు దాస్తారో నాకిప్పటికీ అంతుపట్టదు. అంత కష్టపడి మార్చుకున్నాక ఒక అప్‌డేట్ వచ్చి మళ్లీ మొదటికి తెస్తుంది. మా ఇంట్లో ఇప్పటికి రెండుసార్లు అయింది.

‘‘బతుకమ్మ వీడియో నిలువుగా తీశాను. టీవీలో పెడితే రెండు పక్కలా నలుపే. ఎలా పోగొట్టాలి?’’
– ఒక పాఠకురాలు, కాజీపేట

పోదు. నిలువు వీడియోకు టీవీ వెడల్పులో మూడో వంతు కూడా అందదు. అసలు చుట్టూ తిరుగుతూ ఆడే ఆటను నిలువుగా ఎలా తీస్తారండీ? వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు చూశాను. పైకి లేచిన ప్రతి ఫోనూ నిలువుగానే ఉంది. ఒక్కో తెరలో ఇద్దరు ఆడవాళ్లు, సగం బతుకమ్మ, మిగతాదంతా ఆకాశం. అడ్డంగా పట్టుకోవే అని మా మేనకోడలికి చెప్తే, ‘‘స్టేటస్‌లో చిన్నగ వస్తది మామయ్యా’’ అని మళ్లీ నిలువుకే తిప్పింది.