టెక్ సందేహాలు: పాత పికప్‌కు కొత్త ఎయిర్ క్లీనర్

ప్రశ్న: 1960ల నాటి పికప్ ట్రక్కును బాగుచేసుకుంటున్నాను. ఆరు సిలిండర్ల 4 లీటర్ల పెట్రోలు ఇంజిన్, దాని మీద ఒకే గొంతు (గాలి లోపలికి వెళ్లే దారి) ఉన్న కార్బురేటర్. గాలిలోని దుమ్మును అడుగున పోసిన నూనెతో పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ డబ్బా అడుగు తుప్పు పట్టి చిల్లుపడింది. ఆన్‌లైన్‌లో 14 అంగుళాల క్రోమ్ ఫిల్టర్లు, శంఖం ఆకారపు ఫిల్టర్లు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ చిల్లుపడ్డ డబ్బాను అప్పుడే పారేయకండి. కొత్తది ఏయే పనులు చేయాలో దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

దుమ్ము పట్టడం అందులో ఒక పని మాత్రమే. డబ్బా పక్కనుంచి ఇంజిన్ వాల్వ్ కవర్‌కు ఒక రబ్బరు గొట్టం వెళ్తోందా, చూడండి. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారిన వాయువులను ఇంజిన్ తిరిగి పీల్చి కాల్చేస్తుంది. వాటి స్థానంలో క్రాంక్‌కేసులోకి (పిస్టన్ల కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలోకి) వెళ్లే తాజా గాలి చాలా ఇంజిన్లలో ఈ గొట్టం గుండానే పోతుంది. గొట్టం తగిలించే చోటు లేని క్రోమ్ ఫిల్టర్ కొన్నారనుకోండి, ఆ గొట్టం గాలిలో వేలాడుతూ వడపోయని దుమ్మును నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి పంపుతుంది. ఖరీదైన ఫిల్టర్ పైన మెరుస్తూనే ఉంటుంది, కింద బేరింగులు అరుగుతూనే ఉంటాయి. ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు (బ్యాక్‌ఫైర్) కార్బురేటర్ గొంతులోంచి వచ్చే మంటను ఆపేది కూడా ఆ డబ్బాయే. గాలి పీల్చే హోరును అణిచేదీ అదే. కొన్ని నమూనాల్లో ఎగ్జాస్ట్ దగ్గరి వెచ్చటి గాలిని తెచ్చే గొట్టం కూడా ఉంటుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బురేటర్ లోపల ఎంతగా చల్లబడుతుందంటే, బయట మంచు కురవకపోయినా తేమ గాలిలో లోపల మంచు పేరుకుంటుంది. ఆ గొట్టం పెట్టింది అందుకే. మీ ట్రక్కుకు అది ఉంటే కొత్తదానికీ ఉండాలి.

ఇక కొలతలు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బజారులో కనిపించే గుండ్రని క్రోమ్ ఫిల్టర్లలో ఎక్కువ భాగం నాలుగు గొంతుల కార్బురేటర్ల కోసం చేసినవి. వాటి అడుగు రంధ్రం 5.125 అంగుళాలు, అంటే దాదాపు 130 మిల్లీమీటర్లు. ఒక గొంతు కార్బురేటర్ల మెడ, అంటే ఫిల్టర్ కూర్చునే పై అంచు, సాధారణంగా ఇంతకన్నా బాగా సన్నం. కాబట్టి వెర్నియర్ కాలిపర్ తీసుకుని మెడ బయటి వ్యాసాన్ని కొలవండి. ఒక దిక్కున కొలిచి ఆగకుండా, దానికి అడ్డంగా మరోసారి కొలవండి. దశాబ్దాలుగా ఎవరో ఒకరు నట్టు బిగిస్తూ వచ్చిన కార్బురేటర్ మెడ గుండ్రంగానే మిగిలి ఉంటుందన్న నమ్మకం లేదు. రెండు కొలతలకూ తేడా కనిపిస్తే ముందు ఆ మెడ సంగతి చూడాలి. ఫిల్టర్‌ను బిగించడానికి మధ్యలో నిలిచే స్టడ్ (మర ఉన్న కడ్డీ) మర, పొడవు కూడా రాసుకోండి.

తర్వాత ఎత్తు. కార్బురేటర్ మీద ఖాళీ ఎంతుందో కంటితో అంచనా వేయవద్దు. పాత డబ్బా తీసేసి, స్టడ్ చుట్టూ మెత్తటి బంకమట్టి ముద్దను శంకువులా నిలబెట్టండి. బానెట్‌ను మెల్లగా పూర్తిగా మూసి, మళ్లీ తెరవండి. నలిగిన ముద్ద ఎంత ఎత్తు మిగిలిందో కొలవండి. మీకున్న చోటు అంతే. ఇంజిన్ తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది గనుక అందులోంచి ఒక సెంటీమీటరు తగ్గించుకోండి. అడుగు పళ్లెం కిందికి వంగి ఉండే రకం తీసుకుంటే ఎత్తు కలిసివస్తుంది కానీ, అది చోక్ (చల్లటి ఇంజిన్ మొదలయ్యేందుకు గాలిని తగ్గించే రెక్క) మీటకు గానీ పెట్రోలు గొట్టానికి గానీ తగులుతుందేమో చూసుకోవాలి. చోక్ సగంలో ఇరుక్కుని, దోషమంతా కార్బురేటర్‌దేనని దాన్ని విప్పినవాళ్లను చూశాను.

ఎంత పెద్ద ఫిల్టర్ కావాలన్నది చిన్న లెక్క. మీ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి 4 లీటర్ల గాలి పీల్చుతుంది. నిమిషానికి 4000 చుట్ల వద్ద అది 8000 లీటర్లు. ఇంత పాత ఇంజిన్ తన సామర్థ్యంలో 80 శాతం మేర నిండుతుందనుకుంటే 6400 లీటర్లు, అంటే నిమిషానికి సుమారు 226 ఘనపుటడుగులు. శుభ్రంగా ఉన్నప్పుడు చిన్న ఫిల్టర్ కూడా ఇంత గాలిని వదలగలదు. తేడా దుమ్ము పట్టాకే తెలుస్తుంది. 10 అంగుళాల వ్యాసం, 2 అంగుళాల ఎత్తున్న ఫిల్టర్ చుట్టుకొలత మీద ఉండే వైశాల్యం దాదాపు 63 చదరపు అంగుళాలు. 14 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల ఎత్తైతే 132. రెట్టింపుకు మించి. కాగితం మడతలు దీన్ని ఇంకా ఎన్నో రెట్లు చేస్తాయి, కానీ నిష్పత్తి దాదాపు అదే. చోటున్నంతలో పెద్దది తీసుకోవడం ఎప్పుడూ మేలు. ఒక లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9000 లీటర్ల గాలి కావాలి. ఒక ట్యాంకు పెట్రోలు అయిపోయేలోగా ఆ కాగితం గుండా ఎంత గాలి పోతుందో ఆలోచించండి.

ఇంతకీ నేను చెప్పేది: మూత, గాలి పీల్చే గొట్టంలాంటి ముక్కు ఉన్న మూసిన ఉక్కు డబ్బా, అందులో కాగితం ఫిల్టర్. శంఖం ఆకారపు ఫిల్టర్‌ను మీ కార్బురేటర్‌కు బిగించాలంటే మధ్యలో వంపు గొట్టం కావాలి. దాంతో బిగింపులు, అతుకులు పెరుగుతాయి. చుట్టూ తెరిచి ఉండే క్రోమ్ ఫిల్టరేమో రేడియేటర్ మీదుగా వచ్చే వేడి గాలిని పీల్చుతుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, దాంతో శక్తీ తగ్గుతుంది. హోరు సరేసరి.

ట్రక్కు అసలు రూపు మీకు ముఖ్యమైతే ఇంకో దారి ఉంది, మనసుకు నచ్చే దారి. పాత ఆయిల్ బాత్ డబ్బా అడుగును రేకు అతికించి బాగు చేయించి, లోపలి జాలీ తీసేసి, కాగితం ఫిల్టర్ పట్టేలా మార్చుకోవడం. ఆయిల్ బాత్ చేసే పని నిజంగా ముచ్చటైనది. గాలి నూనె మీదికి దూకి ఒక్కసారిగా పైకి మళ్లుతుంది, బరువైన రేణువులు మళ్లలేక నూనెలో పడిపోతాయి. అయితే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలికి ఆ వేగం ఉండదు, సన్నటి దుమ్ము తప్పించుకుంటుంది. కాగితానికి ఆ బలహీనత లేదు. మార్పు చేయించేటప్పుడు ఫిల్టర్ ఎత్తు సరిగ్గా చూసుకోండి. పైన మూతకూ కింద పళ్లానికీ దాని అంచులు రెండూ గట్టిగా ఆనాలి.

అంచు ఆనిందో లేదో తేల్చే పరీక్ష చెబుతాను. శుభ్రమైన గాలి ఉండే వైపు, అంచు ఆనే గీతకు కొంచెం లోపలగా పళ్లెం మీద గ్రీజును పల్చగా పూయండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మూత తీసి వేలితో రాసి చూడండి. ఎక్కడైనా గరుకుగా తగిలితే గాలి అక్కడ పక్కదారి పడుతున్నట్లు. ఫిల్టర్‌లో సూది బెజ్జం ఉందేమో చూడాలంటే చీకటి గదిలో దాని లోపల లైటు పెట్టి తిప్పండి. కార్బురేటర్‌కూ డబ్బాకూ మధ్య గాస్కెట్ మరవవద్దు. రెక్కల నట్టును చేతి వేళ్లతోనే బిగించండి. ప్లయర్ వాడితే కార్బురేటర్ పైభాగం వంగి చోక్ పట్టేస్తుంది.

ప్రశ్న: నా పికప్ కార్బురేటర్ మెడకు ఫిల్టర్ రంధ్రం పెద్దదైంది. మధ్యలో పెట్టే రింగును 3డీ ప్రింటర్‌తో చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోండి, కానీ కొలత చూడటానికి మాత్రమే. ఇళ్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఇంజిన్ ఆపిన తర్వాత బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటేదాకా నిలుస్తుంది గానీ, పైనుంచి నట్టు బిగువు, కిందినుంచి పెట్రోలు ఆవిరి. ఇవన్నీ ఏళ్ల తరబడి తట్టుకుంటుందని నేను పూచీ పడలేను. ముక్క ఒకటి విరిగితే అది పడేది నేరుగా ఇంజిన్ గొంతులోకే. ప్లాస్టిక్ రింగు సరిగ్గా కుదిరాక దాన్ని నమూనాగా ఇచ్చి, లేత్ మీద అల్యూమినియంతో చేయించండి.

ప్రశ్న: ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో చెప్పే సెన్సర్ పాత ట్రక్కుకు పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. పెద్ద డీజిల్ వాహనాలకు ఇలాంటి సూచిక ఉంటుంది. ఫిల్టర్ దాటాక పీడనం నీటిమట్టం లెక్కన 20 నుంచి 25 అంగుళాలు పడిపోతే ఎర్రగా మారుతుంది. ఆ అంకెను మీ కార్బురేటర్ ఇంజిన్‌కు వర్తింపజేయవద్దు, చాలా ఆలస్యమవుతుంది. ముఖ్యంగా, కార్బురేటర్ లోపలి పెట్రోలు తొట్టికి గాలి బయటినుంచి అందే పాత కార్బురేటర్లలో మూసుకుపోయిన ఫిల్టర్ అచ్చంగా చోక్‌లా పనిచేస్తుంది. పెట్రోలు ఎక్కువ లాగి, ప్లగ్గులు మసిబారుతాయి.

సెన్సర్ కొనేముందు ఒక పారదర్శకమైన గొట్టాన్ని యూ ఆకారంలో పలకకు బిగించి, సగం దాకా రంగు నీళ్లు పోయండి. ఒక కొసను ఫిల్టర్‌కూ కార్బురేటర్‌కూ మధ్య డబ్బాలోకి చిన్న రంధ్రం గుండా కలపండి, రెండోది గాలికి వదిలేయండి. నీళ్లు ఇంజిన్‌లోకి పోకుండా గొట్టం చేతులు పొడవుగా ఉంచండి. కొత్త ఫిల్టర్ వేసిన రోజున, ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు రెండు మట్టాల తేడా ఎంతో పక్కన కూర్చున్నవారిని రాసుకోమనండి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు తేడా దాదాపు కనిపించదు, దాన్ని చూసి ధీమా పడవద్దు. తర్వాత అదే ఎత్తు మీద తేడా పెరుగుతూ పోయి రెట్టింపు దాటిన రోజున ఫిల్టర్ మార్చేయండి.

ప్రశ్న: కడిగి వాడుకునే నూలు ఫిల్టర్ మంచిదా, కాగితమా?

జవాబు: దుమ్ము దారుల్లో తిరిగే పాత ట్రక్కుకు నా ఓటు కాగితానికే. నూలు ఫిల్టర్‌కు కడిగాక నూనె సమంగా పట్టించాలి. ఒక చోట తక్కువైతే దుమ్ము అక్కడే దారి చేసుకుంటుంది. ఆ ఓపిక ఉన్నవారికి అదీ బాగానే పనిచేస్తుంది. కాగితాన్ని మాత్రం ఎప్పుడూ కడగవద్దు, నేలకేసి కొట్టవద్దు.