చీటీ పాడొద్దు, ట్రిప్పు మానొద్దు

ప్రశ్న: మాది కావలి. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది, అన్నీ పోను నెలకు 32 వేలు మిగులుతాయి. నెల్లూరులో కలిసి డిగ్రీ చదివిన ఆరుగురం చాలా ఏళ్ల తర్వాత డిసెంబరులో వారం రోజులు కారులో తిరిగొద్దాం అనుకుంటున్నాం. ఒకడిది గిద్దలూరు, ఒకడికి ఏడు సీట్ల కారుంది, ఇంకొకడు దుబాయ్ నుంచి వస్తున్నాడు. గోవా అంటున్నారు, మనిషికి 28 వేలట. నా దగ్గర 12 వేలున్నాయి. మిగతా 16 వేలకు లక్ష రూపాయల చీటీ పాడుకోనా (ఇరవై నెలలది, ఏడు నెలలు కట్టాను, జూన్‌లో పాప ఫీజు కోసం వేసింది), లేక తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోనా?

జవాబు: రెండూ వద్దండీ.

ముందు చీటీ సంగతి. ఏడో నెలలో అంటే ఇంకా పోటీ గట్టిగానే ఉంటుంది, పాట 15 వేలకు పోయిందనుకుందాం, కమీషన్ పక్కన పెడితే చేతికి 85 వేలు వస్తాయి. మీకు కావాల్సింది 16 వేలు. అంటే పదహారు వేల కోసం పదిహేను వేలు వదులుకుంటున్నారు. మిగతా 69 వేలు జూన్ దాకా బీరువాలో కదలకుండా ఉంటాయి అంటారా? ఫ్యాన్ల లోడు దిగిన రోజు ఆటోవాడికి ఇవ్వడానికి రెండు వేలు తీస్తారు, తర్వాత హోల్‌సేల్ ఆయన ఫోన్ చేస్తే ఇరవై తీస్తారు, జూన్ వచ్చేసరికి ఫీజు మళ్లీ అప్పే. నేను షాపులవాళ్ల లెక్కలు చాలా చూశాను, బీరువాలో డబ్బు నిలవడం మాత్రం ఎక్కడా చూడలేదు.

రెండు రూపాయల వడ్డీ వినడానికి చిన్నగా ఉంటుంది. 16 వేలకు నెలకు 320, ఏడాదికి 3,840. అసలుతో కలిపి ఏడాదిలో తీర్చాలంటే నెలకు దాదాపు 1,650 తీసి పక్కన పెట్టాలి. అంత తీయగలిగితే వచ్చే ఏడాది డిసెంబరుకు వడ్డీ లేకుండానే గోవా వెళ్లొచ్చు. తీయలేకపోతే ఆ అప్పు ఎలాగూ తీరదు.

ఆ 28 వేల లెక్క ఎవరు వేశారో మీరు రాయలేదు, మీరైతే కాదు కదా. ఆరుగురు కలిసి వెళ్లేటప్పుడు బాగా సంపాదించేవాడు అంకె చెప్తాడు, మిగతావాళ్లు మొహమాటానికి సరే అంటారు. అందరికంటే పలచని జేబు ఎవరిదో వాళ్లే మొదట అంకె చెప్పాలి. ఈ రాత్రికే గ్రూపులో పెట్టండి: "ఒరేయ్, నా వల్ల అయ్యేది పది వేలు. అందులో ఎక్కడికైనా వస్తా." పొదిలిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఇంకొకడు కూడా ఈ మాట కోసమే చూస్తూ ఉండొచ్చు.

పది వేలలో వారం అవుతుందా అంటే, అవుతుంది. కావలి నుంచి గోవా అంటే పోను ఒక రోజు, రాను ఒక రోజు కారులోనే గడిచిపోతాయి. అదే దారిలో మూడో వంతు దగ్గర ఆగిపోండి. నెల్లూరులో కలుసుకుని ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు (ప్రొద్దుటూరులో బంగారం కొట్లవైపు చూడకుండా దాటేయండి). అక్కడి నుంచి గండికోట దగ్గరే. నెల్లూరులో వంతెన మీద నుంచి రోజూ చూసిన మన పెన్నే అక్కడ కొండను నిలువునా కోసుకుని పోతుంటుంది. తర్వాత బెలుం గుహలు, మహానంది, నల్లమల దాటి గిద్దలూరు, కంభం చెరువు, భైరవకోన, ఉదయగిరి, మళ్లీ నెల్లూరు. పక్క తిరుగుళ్లతో కలిపి వెయ్యి కిలోమీటర్లు వేసుకోండి.

నిండా మనుషులతో లీటరుకు 14 కిలోమీటర్లు వస్తే, పెట్రోలు 110 లెక్కన 8 వేలు. కారుగలాయనకు టైర్లకు, సర్వీసింగ్‌కు కిలోమీటరుకు 3 రూపాయల చొప్పున 3 వేలు ఇవ్వండి, వద్దన్నా ఇవ్వండి. అదనపు మంచంతో రెండు రూములు, ఒక్కోటి 1,800, గిద్దలూరులో మీవాడి ఇంట్లో ఒక రాత్రి పోగా ఐదు రాత్రులకు 18 వేలు. గండికోటలో గదులు తక్కువ, దొరక్కపోతే జమ్మలమడుగులో దిగండి. తిండికి మనిషికి రోజుకు 500, మొత్తం 21 వేలు. టికెట్లు, టోల్, పార్కింగ్ 4 వేలు. అంతా 54 వేలు, అనుకోనివాటికి పది శాతం కలిపితే 59,400. తలకు 9,900.

టోల్ గురించి ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 3,000తో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఆయన కారుకు ఉంటే సరే, లేకపోతే ఈ ఒక్క ట్రిప్పు కోసం కొనొద్దు. ట్యాగ్‌లో డబ్బుంటే చాలు, లేకపోతే టోల్ దగ్గర ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఆయన కారు కుదరక ఎవరిదో తెల్ల నంబరు ప్లేటు కారు (సొంత వాడకానికే తప్ప కిరాయికి తిప్పకూడనిది) చౌకగా కిరాయికి వస్తుందంటే మాత్రం ఒప్పుకోకండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ తోసిపుచ్చొచ్చు.

మీరు లెక్కలో వేసుకోని ఖర్చు ఇంకోటుంది, షాపు. వారం మూస్తే మీ ఆదాయం లెక్కన ఏడు వేల ఐదొందల దాకా పోతుంది, అది ట్రిప్పు ఖర్చులో ముప్పావు వంతు. అందుకే తేదీలు మీరే చెప్పండి. ధనుర్మాసం మొదలయ్యాక పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు, మీకు గిరాకీ ఎలాగూ తక్కువే. డిసెంబరు 17 నుంచి 23 దాకా పెట్టుకుంటే వాయుగుండాల బెడద కాస్త తగ్గి ఉంటుంది, క్రిస్మస్‌కు రూముల రేట్లు పెరగకముందే ఇంటికొస్తారు. బామ్మర్దో, తమ్ముడో సాయంత్రాలు కూర్చుంటే నష్టం సగమే.

డబ్బు బయల్దేరకముందే ఒకరి దగ్గర వేసేయండి, వచ్చాక పంచుకుందామని కాదు. ఒకసారి మా రూమ్మేట్లతో వెళ్లినప్పుడు అన్నీ నేనే కట్టి, వచ్చాక అడగడానికి సిగ్గుపడి, ఒకతని దగ్గర 4,200 వదులుకున్నాను. డబ్బు పోతే పోయింది, అతను ఇప్పటికీ నా ఫోన్ ఎత్తడు, అదీ బాధ. రోజూ రాత్రి పడుకునేముందు ఆ రోజు ఖర్చు గ్రూపులో పెట్టమనండి. మందు ఖర్చు ఆ ఉమ్మడి డబ్బులోంచి వద్దు, తాగేవాళ్లు విడిగా వేసుకుంటారు. ఈ ఒక్కటి ముందే తేల్చుకోకపోతే మూడో రోజు గొడవ ఖాయం.

దుబాయ్ మిత్రుడు "నీది నేను పెడతాలేరా" అంటే? అందరికీ ఒక పూట బిర్యానీ పెట్టిస్తానంటే హాయిగా తినండి. మీ వాటా కడతాను, తర్వాత ఇద్దువులే అంటే వద్దనండి.

పది వేలు పోగా మీ చేతిలో రెండు వేలుంటాయి. ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు కొన్ని ఇంటికి తీసుకెళ్లండి, మందులకు కొంత ఉంచుకోండి. ఇక ఈ నెల చీటీ పాట రోజున వెళ్లండి, టీ తాగండి, ఎవరు ఎంతకు పాడారో రాసుకోండి, మీరు మాత్రం నోరు మెదపకుండా వచ్చేయండి.