ఫస్టియర్ పాఠాలు మర్చిపోయిందని గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. నీట్ కోచింగ్ కూడా అక్కడే. పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. ఈమధ్య ఫోన్ చేసినప్పుడల్లా ‘ఫస్టియర్‌లో చదివిందంతా పోయింది నాన్నా, ఒక్కటీ గుర్తు లేదు’ అని ఏడుస్తోంది. ఇప్పుడే ఇలా ఉంటే రేపు ఎంబీబీఎస్ ఎలా చదువుతుంది? సీఈసీకి మార్చి గ్రూప్స్ రాయించమని బంధువులు అంటున్నారు. జ్ఞాపకశక్తి పెంచే కోర్సు ఉంది, 18 వేలు కట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ముందు ఆ 18 వేలు మీ దగ్గరే ఉంచుకోండి. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లకు పరీక్షల సీజన్‌లో గిరాకీ ఎక్కువ. గ్రూపు కూడా ఇప్పుడు మార్చకండి. రెండో సంవత్సరం మధ్యలో సీఈసీకి వెళ్తే ఆ సబ్జెక్టులు మొదటి నుంచి మొదలుపెట్టాలి, దాదాపు ఏడాది పోయినట్టే. పైగా గ్రూప్స్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువని మీ బంధువులకు ఎవరు చెప్పారో గానీ, గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ అన్నీ ఉంటాయి. మతిమరుపుకు భయపడి వెళ్లాల్సిన చోటు అది కాదు. నిజంగా గ్రూప్సే రాయాలనుకున్నా బైపీసీ అడ్డం రాదు. ఇంటర్ అయ్యాక ఏ డిగ్రీలోనైనా చేరి రాసుకోవచ్చు.

ఇక అసలు విషయం. పాప ‘ఒక్కటీ గుర్తు లేదు’ అంటోంది. అంటే చూడకుండా చెప్పమంటే రావడం లేదని. అంతమాత్రాన అంతా తుడిచిపెట్టుకుపోయినట్టు కాదు. ఈ తేడాను మొదట కొలిచి చూపినవాడు జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్. అర్థంపర్థం లేని అక్షరాల జాబితాలను తప్పు లేకుండా అప్పజెప్పేదాకా బట్టీ పట్టడం, కొంతకాలం ఆగి అదే జాబితాను మళ్లీ బట్టీ పట్టడం, రెండోసారి ఎంత శ్రమ కలిసొచ్చిందో లెక్క కట్టడం ఆయన పద్ధతి. ప్రయోగమంతా తన మీద తానే చేసుకుని 1885లో ఫలితాలు అచ్చు వేయించాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ కలిసొచ్చింది. గంట తర్వాత 44, మర్నాటికి 34, నెల తర్వాత 21 శాతం. ఈ కలిసొచ్చేది మొదటి గంటలోనే సగానికి పైగా తగ్గిపోయింది, ఆ తర్వాత నెల మొత్తం మీద తగ్గింది అంతకంటే చాలా తక్కువ.

ఈ అంకెలనే కోచింగ్ సెంటర్ల పోస్టర్లలో ‘నెలలో 80 శాతం మర్చిపోతారు’ అని రాసి పిల్లల్ని బెదరగొడుతుంటారు. ఆయన కొలిచింది అది కాదు. నోటికి రాని జాబితాను కూడా నెల తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఐదో వంతు శ్రమ తగ్గిందని ఆ 21కి అర్థం. అదీ అర్థం లేని అక్షరాలకు. అర్థం తెలిసి చదివిన పాఠం అంత తొందరగా పోదు.

అందుకే గ్రూపు గురించి తేల్చుకునే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టమంటాను. ఫస్టియర్‌లో బాగా చదివానని పాపే చెప్పే ఒక చాప్టర్ తీసుకోమనండి, కణ విభజన అనుకుందాం. టైమ్ చూసుకుని మళ్లీ చదవమనండి. ఇంచుమించు అంతే ఉన్న సెకండియర్ కొత్త చాప్టర్‌కు ఎంతసేపు పట్టిందో దాంతో పోల్చమనండి. పాత చాప్టర్ గబగబా అయిపోతే పునాది చెక్కుచెదరలేదు, పాప ఊరికే భయపడుతోంది. కొత్తదానికి పట్టినంత టైమూ పాతదానికీ పడితే అప్పట్లో అది తలకెక్కనే లేదని అనుకోవాలి. ఇది మర్చిపోవడం కంటే వేరే సమస్య. దానికి కావాల్సింది మళ్లీ చెప్పే లెక్చరర్, డౌట్లు అడిగే ధైర్యం. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఈ రెండో రకం కూడా తక్కువేమీ కాదు. వాళ్లూ ‘మర్చిపోయాను సార్’ అనే అంటారు.

ఇంకో మాట. హాస్టల్ స్టడీ అవర్‌లో పిల్లలు ఎలా చదువుతారో చూడండి. పుస్తకం ముందుంటుంది, రంగు పెన్నుతో గీతలు పడుతుంటాయి, పేజీలు తిరుగుతుంటాయి. చూస్తున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి అడిగితే నీళ్లు నములుతారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద దీన్నే పరీక్షించారు. కొన్ని పాఠాలను రెండుసార్లు చదివించారు, కొన్నింటిని ఒకసారి చదివించి, రెండోసారి చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే కాస్త ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది: రెండుసార్లు చదివింది 42 శాతం, చదివి రాసింది 56 శాతం. రేపటి వీక్లీ టెస్టుకైతే చదివిందే చదివినా సరిపోవచ్చు. రెండేళ్ల సిలబస్ ఒకే రోజు అడిగే నీట్‌కు సరిపోదు.

కాబట్టి పాప చేయాల్సింది ఇది. కణ విభజన చాప్టర్ చదివాక పుస్తకం మూసేసి, తెల్ల కాగితం మీద మియాసిస్ మొదటి ప్రొఫేజ్‌లోని ఐదు దశలూ వరసగా రాయాలి: లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనసిస్. ఒక్కోదాని పక్కన అక్కడ ఏం జరుగుతుందో ఒక ముక్క. క్రోమోజోములు ముక్కలు మార్చుకునే క్రాసింగ్ ఓవర్‌ను జైగోటీన్ పక్కన రాసిందనుకోండి, తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దాన్ని పాకిటీన్ పక్కకు మార్చాలి. ఆ ఎర్ర పెన్ను పడిన చోట్లే మర్నాడు మళ్లీ చూడాలి, తర్వాత నాలుగైదు రోజులకు, ఆ తర్వాత రెండు వారాలకు, నెలకు. ప్రతిసారీ ముందు రాయడం, తర్వాతే చూడడం. రోజూ పొద్దున అరగంట ఫస్టియర్‌కు ఇలా కేటాయిస్తే చాలు. మొదటి వారం ఘోరంగా ఉంటుంది, కాగితం సగం ఖాళీగానే ఉంటుంది. అప్పుడే చాలామంది మానేసి మళ్లీ రంగు పెన్ను పట్టుకుంటారు. ఆ వారం మీరు ఫోన్‌లో కాస్త అండగా ఉండండి.

ఫోన్ చేసినప్పుడు ‘టెస్టులో ఎన్ని వచ్చాయి’ అని అడిగే బదులు ‘ఈ వారం చదివిందాంట్లో ఒకటి నాకు చెప్పమ్మా’ అనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చెప్పడమే పాపకు రివిజన్. ఔటింగ్ రోజు మీరు తిరుపతి వెళ్లినప్పుడు నిద్ర సంగతి కూడా కనుక్కోండి. రాత్రి పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తుంటే ఏ పద్ధతీ పనిచేయదు. నేర్చుకున్న వెంటనే నిద్రపోతే తక్కువ మర్చిపోతారని 1924లోనే ప్రయోగాల్లో తేలింది. నిద్ర సరిపోతున్నా ఎప్పుడూ నీరసంగా ఉంటే, ఏ పని మీదా మనసు పెట్టలేకపోతే, ఏడుపు తగ్గకపోతే ఒకసారి డాక్టర్‌కు చూపించండి. ఆడపిల్లల్లో రక్తహీనత మామూలే, టెస్టు చేయిస్తే తెలిసిపోతుంది.

ఎంబీబీఎస్ ఎలా చదువుతుందన్నారు. ఫస్టియర్ అనాటమీ మొత్తం చూడకుండా చెప్పగల డాక్టర్లు చాలా తక్కువ. ఎముకల డాక్టర్‌కు ఎముకలు గుర్తుంటాయి, ఎందుకంటే రోజూ అదే పని. మిగతావి అవసరమైనప్పుడు తెరిచి చూసుకుంటారు.

ఆరు వారాలు ఇలా చేయించి, ఒక పాత నీట్ పేపర్‌లోని ఫస్టియర్ ప్రశ్నలు రాయించండి. నీట్‌లో 180 ప్రశ్నలకు 90 బయాలజీవే కాబట్టి మార్పు అక్కడ ముందు కనబడుతుంది. కనబడకపోతే, లేదా పాపకే డాక్టర్ చదువు మీద ఇష్టం లేదని తేలితే, అప్పుడు దారి మారుద్దాం. అప్పుడైనా బైపీసీలోనే ఉంచి ఈఏపీసెట్ రాయిస్తే బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది, తిరుపతిలోనే ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. ఈఏపీసెట్‌కు ఎలాగూ దరఖాస్తు చేయించండి, నోటిఫికేషన్ వచ్చాక చివరి తేదీ దాకా ఆగొద్దు.