మేనరికం ఆచారం కదా, చట్టం అడ్డు చెప్పగలదా? అసలు ఆచారం గొప్పదా, చట్టం గొప్పదా?

ఆచారాన్ని చట్టం గౌరవిస్తుంది, కానీ హద్దు గీసేది మాత్రం చట్టమే. రాజ్యాంగం 13వ అధికరణ ప్రకారం చట్టంలా చెలామణి అయ్యే ఆచారం కూడా ప్రాథమిక హక్కులకు విరుద్ధమైతే చెల్లదు. 1976లో చేర్చిన 51-ఎ అధికరణ మన వారసత్వాన్ని విలువగా చూడమంటుంది, శాస్త్రీయ దృక్పథాన్నీ ప్రశ్నించే స్వభావాన్నీ పెంచుకోమంటుంది. రెండూ ఒకే అధికరణలో పౌరుల విధులుగా ఉండటం చాలామంది గమనించరు.

మన ఇళ్లలో బాగా తెలిసిన మేనమామ–మేనకోడలి పెళ్లినే చూడండి. 1955 నాటి హిందూ వివాహ చట్టం దీన్ని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది. అయితే ఇద్దరి కుటుంబాల్లోనూ ఆ ఆచారం ఉంటే పెళ్లి చెల్లుతుందని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ ఆచారం చాలాకాలంగా ఒకే తీరుగా సాగుతూ ఉండాలి, ప్రజాహితానికి విరుద్ధంగా ఉండకూడదు. వయసు దగ్గర మాత్రం మినహాయింపు లేదు: అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాల్సిందే. తాతల కాలంలో చిన్నప్పుడే చేసేవాళ్లం అంటే కుదరదు.

ఇక్కడే పెద్ద అపోహ ఉంది. చట్టం ఒప్పుకుంది కాబట్టి మేనకోడలో, మరదలో తనకే దక్కాలని, కాదనడం పెద్దలను అవమానించడమని కొందరు నిజంగానే నమ్ముతారు. అది పూర్తిగా తప్పు. చట్టం ఇచ్చింది అనుమతి మాత్రమే, ఎవరికీ హక్కు కాదు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్ని జన్యు వ్యాధుల ముప్పు ఎక్కువని డాక్టర్లు చెబుతారు. అది ఆలోచించి అమ్మాయి వద్దంటే, ఆ మాటే చెల్లుతుంది.