పొగ మనది, చొక్కా ఎవరిది?

ప్రశ్న: మా ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక బండి, అంతే. టీవీలో మాత్రం కర్బన ఉద్గారాలు ఇండియాలో పెరిగిపోతున్నాయంటారు. అందులో నా వాటా ఎంత? – ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: టెన్షన్ పడకండి, తక్కువే. మన తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికాలో 14 దాకా. అయితే ఈ సగటే పెద్ద మాయ, గదికో ఏసీ, మనిషికో కారు ఉన్న ఇల్లూ, పత్తి ఏరే కూలికి పోయే ఇల్లూ అందులో ఒకే గాటన పడిపోతాయి. ఇక ప్రపంచీకరణ: గీసుకొండ దగ్గరి టెక్స్‌టైల్ పార్కులో కుట్టిన చొక్కా ఓడెక్కి వెళ్లినా, దానికోసం చేల్పూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు మండితే ఆ పొగ మన దేశం ఖాతాలోనే రాస్తారు, తొడుక్కున్నవాడి దేశానికి కాదు. పేదింటికి ఫ్రిజ్ వస్తే ఉద్గారాలు కొంత పెరుగుతాయి, నిజమే, కానీ ముందు ఏసీ గదుల లెక్క తేల్చకుండా దాన్ని తప్పుపట్టడం నాకైతే నచ్చదు.