మౌస్ ముట్టుకోకు

అమ్మాయీ,

మీ బడిలో పెద్ద టీచర్లకు కంప్యూటర్, ప్రొజెక్టర్ వాడటం నేర్పే పని నీకు అప్పగించారని రాశావు. సంతోషం. అన్నిటికన్నా ముందు ఒక్క మాట. వాళ్లు నేర్చుకుంటున్నంతసేపూ నువ్వు మౌస్ ముట్టుకోకు. నాకు నేర్పిన కుర్రాడు మంచివాడే. కానీ నేను కాస్త తడుముకోగానే "ఇలా ఇవ్వండి సార్" అని చకచకా నాలుగు నొక్కులు నొక్కేసేవాడు. ఆరు నెలలకు నాకు వచ్చిందల్లా అతన్ని పిలవడమే.

వాళ్ల భయం యంత్రమంటే కాదమ్మా. ఏళ్ల తరబడి తడబాటు లేకుండా పాఠం చెప్పిన మనిషికి, అదే పిల్లల ముందు వైరు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడాలంటే తల కొట్టేసినట్టుంటుంది. అందుకని పిల్లలు వెళ్లాక, రేపు పాఠం చెప్పబోయే గదిలోనే, ఆ ప్రొజెక్టర్ మీదే నేర్పు. తెర మీద బొమ్మ రాకపోతే విండోస్ మీట, పీ మీట కలిపి నొక్కి చూడాలని తెలిసిన రోజున నా భయం సగం పోయింది. పవర్‌పాయింట్ స్లైడ్లు నడుస్తుండగా బీ మీట నొక్కితే తెర నల్లబడుతుంది, పిల్లల చూపు మళ్లీ టీచరు మీదికొస్తుంది. ఇలాంటివి ముందు చెప్పు. పగ్గాలు తమ చేతిలోనే ఉన్నాయని వాళ్లకు తెలియాలి.

యాప్‌ల పేర్లు ఏకరువు పెట్టకు. "సుద్దముక్కతో ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కని పాఠం ఏది?" అని అడుగు. లెక్కల టీచరైతే జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీసి, ఒక శీర్షాన్ని పట్టి లాగమను. ఆకారం ఎంత మారినా కోణాల మొత్తం 180 డిగ్రీలే. (తెర మీది అంకెలు కూడితే ఒక్కోసారి 180.01 వస్తుంది. అది దశాంశాలు సవరించడం వల్లేనని ముందే చెప్పు, లేకపోతే వెనక బెంచీవాడు పట్టేస్తాడు.) సైన్సుకు ఫెట్ సిమ్యులేషన్లున్నాయి, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. ఉచితం. ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి.

ఒక్కొక్కరికి నెలకు ఒక్క పాఠం చాలు. కరెంటు పోతే ఆ పాఠం ఎలా ముగించాలో కూడా ముందే అనుకోమను.

నువ్వు నేర్పిన టీచరు మొదటిసారి తరగతిలో ప్రొజెక్టర్ వాడే రోజు వెళ్లి వెనక కూర్చో. మధ్యలో ఏదైనా ఆగిపోతుంది, ఆగకుండా ఉండదు. ఆవిడ నిన్ను పిలిచేదాకా లేవకు.

ఇట్లు,
మీ మాష్టారు